దైవసన్నిధిని వినయము



వినయమును నిందించిన మతము లోకమున లేదు. ఆహారమును గూర్చియు, ఆచారమును గూర్చియు, పూజావిధులను గూర్చియు మతములు తమలో తాము ఎంతయో వాదులాడుకొనినవి. గర్వము మంచిదని మాత్రము ఏ గురువును బోధింపలేదు. అయినను ఇంతగా పొగడ్త పొంది ఇంత తక్కువగా ఆచరణమునకు వచ్చిన గుణము మరియొకటి కానరాదు. వినయమును గూర్చి ఉపన్యసించుటకు వచ్చిన వక్తకు ముందువరుసలో ఆసనము దొరకనిచో ముఖము చిన్నవోవును. ధర్మకార్యమునకు వేలకొలది రూపాయలిచ్చిన దాత, శిలాఫలకముపై తన పేరు రెండవ వరుసలో చెక్కినచో నొచ్చుకొనును. దీనికి హేతువేమి? మాటలోని మెత్తదనమునే, వంగి చేయు నమస్కారమునే మనము వినయమని భావించుచుండుట హేతువని మా తలంపు. అది మర్యాద. మర్యాదను గర్విష్ఠుడును చక్కగా నేర్చుకొనవచ్చును. వినయము అంతకంటె లోతైనది. మనకును దేవునికిని గల సంబంధమెట్టిదో ఉన్నదున్నట్లు అంగీకరించి, ఆ అంగీకారమునకు తగినట్లు బ్రదుకుటయే వినయము.

ఈ వినయమును క్రైస్తవ జీవనమందు ఎట్లు బోధించిరో, ఎట్లు ఆచరించిరో, ఆచరణమందు ఎట్టి చిక్కులు కలిగెనో నేడు విచారింతము. క్రీస్తును అనుసరించువారికేగాక దేవుని నమ్మిన ప్రతివారికిని ఈ విచారణ ఉపయోగపడునని మా విశ్వాసము.

సువార్తలలోని వృత్తాంతమొకటి మొదట జ్ఞప్తికి తెచ్చుకొందము. యేసు బోధకు పూనుకొనుటకు ముందు నలువది దినములు అరణ్యమందు ఉపవాసముండెను. అప్పుడాయనకు మూడు శోధనలు కలిగెను. రాళ్లను రొట్టెలుగా మార్చి ఆకలి తీర్చుకొమ్మనుట ఒకటి. దేవాలయ శిఖరమునుండి దుమికి దేవుని కాపుదలను ఎల్లరకు చూపుమనుట మరియొకటి. తనకు మ్రొక్కినచో లోకరాజ్యములన్నియు ఇత్తునని శోధకుడు ఆశపెట్టుట వేరొకటి. ఇందు అడుగబడిన వస్తువులను పరిశీలింపుడు. ఆకలిగొన్నవాడు రొట్టె కోరుట దోషమా? భక్తుడు దేవుని కాపుదలను నమ్ముట దోషమా? రాజ్యము మంచివాని చేతికి వచ్చినచో ప్రజలకు మేలే గదా! రొట్టెయందును, కాపుదలయందును, రాజ్యమునందును దోషము లేదు. దేవుడిచ్చిన శక్తిని నా ఆకలికి, నా కీర్తికి, నా అధికారమునకు ఖర్చుపెట్టుకొందునను సంకల్పమందే దోషమున్నది. లోకాశ యనగా లోకవస్తువులపైని ఆశ మాత్రమే యని తలచువారు ఈ వృత్తాంతమును మరల చదువవలెను. లోకాశకు వేరు 'నాది' యను మాటలో నున్నది.

యేసు శిష్యులకును ఈ పాఠము సులభముగా అబ్బలేదు. జెబెదయి కుమారులిద్దరు, ఆయన మహిమపొందు దినమున తమకు కుడియెడమల ఆసనము లిప్పింపుమని కోరిరి. తక్కిన పదిమంది అది విని మండిపడిరని సువార్తలు చెప్పుచున్నవి. ఆ పదిమంది వినయవంతులై కోపపడిరా? ఆ ఆసనములపై తమకును ఆశ లేనిచో అంత కోపము రానవసరము లేదు. ఒకని గర్వమును చూచి మనకు కలుగు ఆగ్రహములో మన గర్వమే ఎంత పాలు గలదో విచారించుకొనుటకు ఇది మంచి తావు. అప్పుడు యేసు వారిని దగ్గరకు పిలిచి, అన్యజనుల ప్రభువులు తమ వారిపై అధికారము చెలాయింతురు గాని మీలో గొప్పవాడు కాదలచినవాడు అందరికిని పరిచారకుడు కావలెనని బోధించెను.

ఈ బోధకు రూపమాయన కడపటి రాత్రి ఇచ్చెను. ఆ దేశమున జనులు చెప్పులతో ధూళి దారుల నడచి వచ్చువారు; ఇంటికి వచ్చినవారి కాళ్లు కడుగుట దాసుల పని. ఆయన భోజనపంక్తినుండి లేచి, పైవస్త్రమును విడిచి, తువాలు నడుమునకు చుట్టుకొని, శిష్యుల పాదములు కడిగెను. పేతురు మొదట ఒప్పుకొనలేదు. గురువు తన కాళ్లు ముట్టుట అతనికి దుస్సహముగా తోచెను. సేవచేయుటకు వినయము కావలెనని అందరును ఎరుగుదురు. సేవను స్వీకరించుటకును అంతే వినయము కావలెనని పేతురు ఆ రాత్రి నేర్చుకొనెను. ఎప్పుడును ఇచ్చుచు, ఎవరియొద్దను పుచ్చుకొనని పెద్దమనుష్యులు మనలో గలరు. వారి ఔదార్యము మెచ్చదగినదే. కాని ఒకరికి ఋణపడియుండుటకు ఇష్టపడకుండుట కూడ గర్వమునకు ఒక నివాసమే.

ఇంకొక దృష్టాంతమును గూర్చి న్యాయవాదవృత్తిలో నున్న మేము తరచుగా ఆలోచించుచుందుము. పరిసయ్యుడొకడు, సుంకరియొకడు ప్రార్థనకు దేవాలయమునకు పోయిరని యేసు కథ చెప్పెను. పరిసయ్యుడు తాను వారమునకు రెండుమారులు ఉపవసించుటయు, తన రాబడిలో పదియవ వంతు ఇచ్చుటయు, ఇతరులవలె అన్యాయము చేయకుండుటయు దేవునికి విన్నవించెను. అతడు అబద్ధమాడెనని కథలో లేదు. అతని లెక్క సరియైన లెక్కయే కావచ్చును. అయినను వాది తన పద్దుపుస్తకమును న్యాయస్థానమందు దాఖలుచేయునట్లు అతడా లెక్కను దేవుని యెదుట దాఖలుచేసెను. తాను ఋణదాతయు, దేవుడు ఋణస్థుడునైనట్లు అతడు నిలిచెను. సుంకరి దూరముగా నిలిచి, కన్నులెత్తుటకైన ధైర్యము చాలక, రొమ్ము కొట్టుకొని కరుణను మాత్రము వేడుకొనెను. దేవునిచే నీతిమంతుడుగా ఎంచబడి ఇంటికి పోయినవాడు ఈ రెండవవాడు. వాది తన లెక్కతో వచ్చినట్లే ఆ లెక్కతో తిరిగిపోయెను.

ఇట్టి బోధను వినుట సులభము. దానిని జీవితమున నిలుపుకొనజూచిన ఒక మహాపురుషుని చరిత్రమును ఇప్పుడు పరిశీలింతము. ఇటలీదేశమున అస్సీసీ పట్టణమందు క్రీ. శ. 1181 లేక 1182లో పుట్టిన ఫ్రాన్సిస్ పేరు మీలో చాలమంది వినియుందురు. పక్షులకు బోధించిన సాధువుగా లోకమాయనను ఎరుగును. మేమాయన చరిత్రమును వేరొక కారణమున ఎన్నుకొంటిమి. ఆయన లోకాశను ఒక్కమారు విడిచి ఊరకుండలేదు. విడిచిన ప్రతిమారును ఆ ఆశ క్రొత్త వేషమున ఆయన వాకిట నిలిచెను. ప్రతిమారును ఆయన దానిని గుర్తించెను.

ఫ్రాన్సిస్ తండ్రి పియెత్రో బెర్నర్దోనె పేరుగల బట్టల వర్తకుడు. ఆ కాలమున అస్సీసీలో ప్రభువంశములవారిని 'పెద్దలు' అనియు, తక్కినవారిని 'చిన్నలు' అనియు పిలుచుచుండిరి. వర్తకులకు ధనము గలదుగాని ప్రభుత్వపదవి లేదు. ధనవంతుని కొడుకునకు ఆ కొరత తీర్చుకొనవలెనను కోరిక కలుగుట సహజమే. ఆ యువకుడు 1202లో పెరూజియా నగరముతో జరిగిన యుద్ధమునకు పోయి, ఓడి, సుమారొక యేడు చెరలో నుండెను. విడుదలయైన పిమ్మట వీరుడనిపించుకొను ఆశతో మరల దక్షిణదేశమునకు ప్రయాణమై, దారిలో స్పొలేతో పట్టణమునుండి వెనుకకు మరలెను.

ఆయన హృదయమును మార్చినది గ్రంథము కాదు, వాదము కాదు. ఆ దినములలో కుష్ఠరోగులను ఊరి వెలుపల నుంచి, ఎదురుపడినచో జనులు తొలగిపోవుచుండిరి. ఫ్రాన్సిస్‌కును వారిని చూచిన మిక్కిలి ఏవగింపు. దేవుడు తన్ను వారి నడుమకు నడిపించెననియు, వారికి సేవచేసిన పిమ్మట అంతకు ముందు చేదైనది తనకు తీపియయ్యెననియు ఆయన మరణకాలమున తన తుదిమాటలలో వ్రాయించెను. ఆ తుదిమాటలు ఆరంభమగునది ఈ సంగతితోనే. మన కన్నులు చూడ నిరాకరించు మనుష్యుని దగ్గరకు పోవుటలో వినయము మొదలగునని ఆయన జీవితము చెప్పుచున్నది.

తరువాత జరిగినది ప్రసిద్ధము. పాడుపడిన దేవాలయమును బాగుచేయుటకై తండ్రి బట్టలను, గుఱ్ఱమును అమ్మిన కుమారునిపై తండ్రి ఫిర్యాదు చేసెను. తండ్రి పక్షమున న్యాయమున్నదని చెప్పక తప్పదు, సొమ్ము తండ్రిది. క్రీ. శ. 1206 ప్రాంతమున ఆ వ్యవహారము గుయిదో బిషప్పు ఎదుటికి వచ్చెను. ఫ్రాన్సిస్ ఆ ధనమును తిరిగియిచ్చివేసి, కట్టుకొన్న బట్టలును తండ్రివే గనుక వానిని కూడ విడిచి ఆయన పాదములకడ పెట్టెను. బిషప్పు తన అంగవస్త్రమును ఆ నగ్నశరీరముపై కప్పెను.

చిత్రకారులు శతాబ్దములుగా చిత్రించుచున్న ఘట్టమిది. ఇది గొప్ప త్యాగమనుటకు సందేహము లేదు. అయినను ఫ్రాన్సిస్ చేసిన త్యాగములలో ఇది కఠినతమమని మేమనజాలము. పదిమంది చూచుచుండగా ఒక్కమారుగా సర్వమును విడుచుటలో ఉత్సాహమున్నది, యౌవనమున్నది, చూపరుల కన్నీరున్నది. విడిచినవాడు మరునాడు ఎట్లు బ్రదుకుననునదే ప్రశ్న.

ఆయనను అనుసరించి కొందరు చేరిరి. 1209 ప్రాంతమున వారు రోము నగరమునకు పోయి మూడవ ఇన్నోసెంటు పోపుగారి నోటిమాటగా అనుమతి పొందిరి. తన సోదరులకు ఫ్రాన్సిస్ పెట్టిన పేరు గమనింపదగినది: 'చిన్న సోదరులు'. ఆయన పుట్టిన ఊర అందరును 'పెద్దలు' కావలెనని పెనుగులాడుచుండగా, ఆయన 'చిన్నలు' అను పేరును కావలెనని పుచ్చుకొనెను. వారు చేతులతో పనిచేయవలెను, కూలి దొరకనిచో బిచ్చమెత్తవలెను, నాణెము ముట్టరాదు, ఇల్లుగాని భూమిగాని తమదనరాదు. ఆస్తి లేకుండ బ్రదుకుట కష్టము గదా యని బిషప్పు అడుగగా, ఆస్తి యున్నచో దానిని కాపాడుకొనుటకు ఆయుధములు కావలసివచ్చుననియు, వ్యాజ్యములును కలహములును దానినుండియే పుట్టుననియు ఆయన బదులు చెప్పెనని పూర్వ చరిత్రకారులు వ్రాసిరి. ఈ మాటలోని సత్యమునకు న్యాయవాదులకంటె మంచి సాక్షులు దొరకరు. అన్నదమ్ములు ఒక గట్టుకొరకు, ఒక నూతికొరకు, ఒక గోడకొరకు రెండు తరములు దావాలు నడుపుట ఎరుగనివారెవరు? గట్టు విలువకంటె పదిరెట్లు ఖర్చుచేసి గెలిచినవానికి దక్కునది గట్టు కాదు. 'నాది' యనిపించుకొన్న తృప్తి మాత్రమే.

వారికి అస్సీసీ దిగువ మైదానమున పోర్జియుంకోలా అను చిన్న కోవెల వాసస్థానమయ్యెను. అది బెనెడిక్టు మఠమువారిది. ఆ మఠమువారు దానిని ఉచితముగానే ఇచ్చిరి. అయినను ఫ్రాన్సిస్ ఏటేట ఒక బుట్టెడు చిన్న చేపలను ఆ మఠమునకు పంపించుచుండెననియు, వారందుకు ప్రతిగా ఒక కూజా నూనె పంపుచుండిరనియు ప్రాచీన చరితములలో నున్నది. చేపలవలన మఠమువారికి వచ్చు లాభమేమియు లేదు. కౌలుదారుడు చెల్లించు నామమాత్రపు శిస్తువంటిది అది. భూమి వ్యవహారము లెరిగినవారికి దీని భావము వెంటనే స్ఫురించును. కౌలుదారుడు ఏండ్లకొలది శిస్తు చెల్లింపక, అడుగువారును లేక యున్నచో, కొంతకాలమునకు ఆ భూమి తనదే యని తలచును. పిమ్మట తనదే యని వాదించును. స్వల్పమైనను ఏటేట శిస్తు చెల్లించువాడు, ఈ భూమికి స్వామి వేరొకరు కలరని తన నోటితో తానే ఒప్పుకొనుచున్నాడు. ఫ్రాన్సిస్ తన సోదరులు ఇది మరువకుండుటకై ఆ బుట్టను పంపెను.

మిత్రులారా, దైవసన్నిధిని వినయమనగా మేము గ్రహించినది ఇంతే. ప్రాణము, బుద్ధి, విద్య, భార్యాపుత్రులు, లోకమున మనకు గల మాట చెల్లుబడి, ఇవన్నియు మనము అనుభవించుచున్నాము. వీనిలో ఏదియు మనము సంపాదించిన పట్టా కాదు. ప్రార్థన మనము చెల్లింపవలసిన ఆ చేపలబుట్ట. దేవునికి దానివలన లాభము లేదు. అది మానినచో నష్టము మనదే. ఏలయన కొంతకాలమునకు మనమే స్వాములమని నమ్మజొత్తుము.

ఫ్రాన్సిస్ చరిత్రమునకు మరలుదము. క్రైస్తవసైన్యములు ఐగుప్తుదేశమున దమియెట్టా నగరమును ముట్టడించియున్న 1219లో ఆయన అక్కడికి పోయెను. యుద్ధముచేయువారి నడుమనుండి నిరాయుధుడై దాటి సుల్తాను అల్-కామిల్‌ను దర్శించెను. సుల్తాను తన మతము విడువలేదు. సాధువు తన మతము విడువలేదు. సుల్తాను ఆయనను గౌరవించి క్షేమముగా పంపెను. ముసల్మానుల నడుమ నివసింపబోవు సోదరులు కలహములకును వాదములకును దిగక, దేవుని నిమిత్తమై ప్రతి మనుష్యునికిని లోబడియుండి, తాము క్రైస్తవులమని మాత్రము ఒప్పుకొనవలెనని 1221 నాటి నియమావళిలో ఆయన వ్రాసెను. సత్యము మా చేతనున్నదను గర్వము మతాభిమానులకు కడపటి ఆస్తి. ఆయన దానినికూడ వదలుకొమ్మనెను. సత్యమును వదలుకొమ్మనలేదు.

ఇక అన్నింటికంటె కఠినమైన త్యాగము. పది సంవత్సరములలో ఆయన సోదరులు వేలసంఖ్యకు పెరిగిరి, అనేక దేశములకు వ్యాపించిరి, విద్వాంసులు చేరిరి. అట్టి సంఘమునకు స్థాపకుడై, జీవించియుండగనే పరిశుద్ధుడని జనులచే కొనియాడబడుచుండి, 1220లో ఫ్రాన్సిస్ ఆ సంఘపు పెత్తనమును విడిచెను. తన శిష్యుడైన పీటరు కతానిని ఆ స్థానమందుంచి, ఆయనకు తాను లోబడెను. పిదప తనకొక రక్షకసోదరుని నియమింపుమని కోరి, ఆతని మాట ప్రకారము నడచుకొనెను. ఆయన పురోహితపదవిని కూడ ఎన్నడును స్వీకరింపలేదు.

తండ్రి బట్టలు విడుచుటకంటె తాను పెంచిన సంఘమును విడుచుట ఎంత కష్టమో, సభలను, సమాజములను, పాఠశాలలను స్థాపించినవారికి చెప్పనక్కరలేదు. మనము ధనమును విడువగలము, నిద్రను విడువగలము, ఆరోగ్యమును విడువగలము. మనము నాటిన చెట్టును మరియొకడు తన యిష్టమువచ్చినట్లు కత్తిరించుచుండగా, ఆ నీడనే వినయముతో కూర్చుండుట మాత్రము మన వశము కాదు. దేశమున ఎన్ని మంచిసంఘములు స్థాపకుని త్యాగమువలన వర్ధిల్లి, ఆ స్థాపకుని పెత్తనమువలననే క్షీణించినవో లెక్కించినచో మనస్సు బరువెక్కును. అధ్యక్షపీఠమును విడువని త్యాగి తన సర్వస్వమును విడువలేదు. దేవుని పనియని చెప్పుచు దానిని తన పనిగా చేసికొన్నవాడు, చేపలబుట్ట పంపుట మానిన కౌలుదారుడు.

మరణసమయమున సయితము ఫ్రాన్సిస్ ఈ పాఠమును విడువలేదు. 1226 అక్టోబరు 3వ తేదీ సాయంకాలము పోర్జియుంకోలాలో ఆయన కన్నుమూసెను. అంతకుముందు తన్ను వట్టినేలపై దిగంబరునిగా పరుండబెట్టుమనెను. రక్షకసోదరుడు ఆయన మనస్సెరిగి వస్త్రములు తెచ్చి, ఇవి నీకు అరువుగా ఇచ్చుచున్నాను, వీనిని ఇతరులకు దానముచేయుటకు నీకు హక్కులేదని ఆజ్ఞాపింపగా, ఆయన సంతోషముతో పుచ్చుకొనెనని చరిత్రకారుడు చెలానో తోమాసు వ్రాసెను. దానము చేయుటకును హక్కులేని నిర్ధనత్వము! దాతయనిపించుకొను కీర్తికైనను అందు చోటు లేదు.

ఇంతటితో కథ ముగిసినచో మనము ఫ్రాన్సిస్‌ను మెచ్చుకొని ఇంటికి పోవచ్చును. తరువాతి వృత్తాంతమే మనకు ఎక్కువ హెచ్చరిక. 1228 జూలై 16న తొమ్మిదవ గ్రెగరీ పోపుగారు ఆయనను పరిశుద్ధుడుగా ప్రకటించిరి. మరునాడే ఆయన పేర మహాదేవాలయమునకు పునాదిరాయి వేసిరి. ఇల్లు వద్దన్నవాని యెముకలపై రెండంతస్తుల దేవాలయము లేచెను. పోర్జియుంకోలా కోవెల నేడు మరియొక పెద్ద దేవాలయపు గుమ్మటము క్రింద నిలిచియున్నది. తన తుదిమాటలకు వ్యాఖ్యలు వ్రాయవలదని ఆయన కోరియుండెను. 1230లో అదే పోపుగారు ఆ తుదిమాటలు సోదరులను చట్టరీత్యా బంధింపవని తీర్పుచెప్పిరి. 1279లో మూడవ నికొలాసు పోపుగారు, సోదరులు వాడుకొను వస్తువులకు స్వామ్యము రోము పీఠమునకును, అనుభవము మాత్రము సోదరులకును ఉండునని శాసించిరి. 1322లో ఇరువదిరెండవ జాను పోపుగారు ఆ యేర్పాటును త్రోసివేసిరి. తినిన రొట్టెకు స్వామి యొకడు, తిన్నవాడొకడు అనుట అసంగతమని వారి వాదము.

న్యాయశాస్త్రమునకు ఈ వాదములు రుచికరములే. కాని ఈ నడుమ జరిగినదేమి? అంగీ ఎంత పొట్టిగా నుండవలెను, ధాన్యము నిలువచేయవచ్చునా అను తగవులో పోపుగారి ఆజ్ఞకు లోబడని నలుగురు సోదరులను 1318లో మార్సేయి పట్టణమున సజీవముగా దహించిరి. ఒకరు పేదరికమును తమ సొత్తని పట్టుకొనిరి. ఒకరు అధికారమును తమ సొత్తని పట్టుకొనిరి. వినయమను వస్తువుకొరకు మనుష్యులు ఒకరినొకరు కాల్చివేసిరి. ఆ నలుగురి ధైర్యమును మేము తక్కువ చేయము. వారిని దహించినవారి పాపము వారిదే. అయినను వినయము సయితము 'మాది' యయినప్పుడు అది ఆస్తియగునని, ఆస్తిని వెన్నంటు కలహము దానినికూడ వెన్నంటునని ఈ చరిత్రము సాక్ష్యమిచ్చుచున్నది. ఇతర హక్కులకు దస్తావేజులుండును. వినయమునకు దస్తావేజు లేదు. దానిని ప్రతిదినము క్రొత్తగా చెల్లింపవలసినదే.

ఇచ్చట మీలో విచారపరులైనవారు ఒక ఆక్షేపణ తేవచ్చును, తేవలెను కూడ. వినయబోధవలన మేలు పొందినది బలవంతుడే గదా! సేవకునికి, స్త్రీకి, అణగద్రొక్కబడిన కులములవారికి అణగియుండుటయే పుణ్యమని తరతరములుగా బోధించి, ఆ బోధ చాటున వారి శ్రమను దోచుకొనినారు గదా! ఈ ఆక్షేపణ సత్యము. దీనికి సమాధానము చెప్పక వినయమును బోధించుట అధర్మమని మా నిశ్చయము. తనకంటె తక్కువ స్థితిలో నున్నవానికి వినయమును బోధించు అధికారము ఎవనికిని లేదు. యేసు కాళ్లు కడుగుమని దాసులకు బోధింపలేదు; వారు అదివరకే కడుగుచుండిరి. గురువై, ప్రభువని పిలువబడుచున్న తాను వంగి, ఒకరి కాళ్లొకరు కడుగుడని శిష్యులకు చెప్పెను. వినయము పైనుండి క్రిందికి ప్రవహింపవలెను. క్రిందివారినుండి బలవంతముగా పిండునది వినయము కాదు, దాస్యము.

మరియు దేవునియెదుట వంగినవాడు మనుష్యుని యెదుట భయముతో వంగనక్కరలేదు. క్లారా అను సాధ్వి చరిత్రము ఇందుకు ప్రమాణము. ఆమె అస్సీసీలోని ప్రభువంశమున పుట్టి, 1212 ప్రాంతమున ఇల్లు విడిచి ఫ్రాన్సిస్ మార్గమును చేపట్టెను. తన మఠమునకు ఏ ఆస్తియు ఉండరాదని ఆమె పట్టు. స్త్రీలు ఆస్తి లేక ఎట్లు బ్రదుకుదురని పెద్దలు శంకించిరి. సాక్షాత్తు తొమ్మిదవ గ్రెగరీ పోపుగారే వచ్చి, ఆస్తి స్వీకరింపుమనియు, నీ వ్రతమునుండి మేము విడుదల చేయుదుమనియు చెప్పగా, పాపములనుండి విడుదల కావలెను గాని క్రీస్తును అనుసరించుటనుండి విడుదల తనకక్కరలేదను భావముతో ఆమె వినయముగా నిరాకరించెను. 1228లో అదే పోపుగారు ఆమె కోరినట్లు ఏమియు లేకుండ జీవించు అనుమతిని వ్రాసియిచ్చిరి. ఆమె తన సోదరీమణులకై స్వయముగా వ్రాసిన నియమావళిని నాలుగవ ఇన్నోసెంటు పోపుగారు 1253 ఆగస్టు 9న ఆమోదించిరి; రెండుదినములకు, 11వ తేదీని, ఆమె దేహము చాలించెను. నలువది సంవత్సరములు పట్టు విడువని ఈ స్త్రీని దుర్బలురాలని ఎవరందురు? ఆమె తనకొరకు ఏమియు కోరలేదు. అందువలన ఆమెను భయపెట్టుటకు ఎవరిచేతను ఏ సాధనమును లేకపోయెను. లోకాశ గలవానిని లొంగదీయుట సులభము. వాని ఆశయే వాని మెడత్రాడు. ఆశ విడిచినవాడు న్యాయముకొరకు నిలుచునప్పుడు వానికంటె ధీరుడు లేడు.

మరి గృహస్థులమైన మనమేమి చేయవలెను? అందరును ఆస్తి విడిచి బిచ్చమెత్తవలెనా? మేమట్లు చెప్పము. అట్లు చేసినను గర్వము మనవెంట జోలె పట్టుకొని వచ్చునని పైని చూచితిమి. మనకు విధింపబడినది కౌలుదారుని ధర్మము. భూమిని శ్రద్ధతో దున్నవలెను, ఫలమును పదుగురకు పంచవలెను, శిస్తు మరువరాదు, స్వామి అడిగిననాడు గొణుగక దఖలు పరుపవలెను.

ఈ ధర్మమున మనమున్నామా లేదా యని తెలిసికొనుటకు కొన్ని పరీక్షలు చెప్పి విరమింతుము. మన యింటిలో మనకంటె చిన్నవాడో, మనయొద్ద జీతము పుచ్చుకొనువాడో మన తప్పును చూపినప్పుడు, మొదట మనకు తోచునది ఆ మాటలోని సత్యమా, వాని సాహసమా? మనము ఉపకారము చేసినవాడు వీథిలో ఎదురుపడి పలుకరింపక పోయినప్పుడు, చేసిన ఉపకారము మనకు చేదగునా? మనము ప్రతిపాదించిన మంచిపని మరియొకని పేరుమీదుగా నెరవేరినచో మనము సంతోషింపగలమా? మనము విడిచిన పీఠమున కూర్చున్నవాడు మనకంటె బాగుగా పనిచేయుచుండగా, అతని కొరకు దేవుని ప్రార్థింపగలమా? ప్రార్థనకు కూర్చున్నప్పుడు పద్దుపుస్తకము మూసి కూర్చుండగలమా?

ఈ ప్రశ్నలకు సభలో జవాబు చెప్పనక్కరలేదు. సభలో చెప్పిన జవాబు మరల ప్రదర్శనమగును. తలుపు మూసికొని, ఒక్కడై, సాక్షులెవరును లేని చోట చెప్పుకొనవలెను. అచ్చట మన విద్యకు విలువలేదు. మన వాక్చాతుర్యము చెల్లదు. అచ్చట న్యాయాధిపతియే మన తండ్రి. తండ్రి యెదుట గెలుపు కోరువాడు బిడ్డ కాడు.

పరమేశ్వరా! మేము నీ కౌలుదారులము. నీవిచ్చినది మాదని పలికిన నోటిని క్షమింపుము. ఇచ్చుటలో గర్వమును, పుచ్చుకొనుటలో సిగ్గును మాయందు పోగొట్టుము. అన్యాయము ఎదుట మా తల నిటారుగను, నీ యెదుట అది వంగియు నుండునట్లు మమ్ము దిద్దుము. నీ పనిని మా చేతులతో చేయించుకొని, మా పేరును మరపింపుము.